రొట్టె ముట్టని ఆదివారాలు

తమ్ముడు సామేలు పోయాక పెట్టిన ఆదరణ కూడిక అయిపోయాక కూడా నేను కొన్నాళ్లు సోలాపూర్ పక్క కుంభారిలో వాళ్లింట్లోనే ఉండిపోయాను. టెంటు విప్పేశారు, అద్దె కుర్చీలు టెంపో ఎక్కాయి, వరంగల్ నుంచి నాతో వచ్చినవాళ్లు రైలెక్కి వెళ్లిపోయారు. బీడీ కార్మికులకూ నేతవాళ్లకూ కట్టిన ఆ కొత్త కాలనీలో ఇళ్లన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. పాలకు వెళ్లిన ప్రతిసారీ ఎవరిదో గుమ్మం ముందు చెప్పులు విడిచి, లోపలి నుంచి కొత్త ముఖం కనిపించగానే నాలుక కరుచుకుని వెనక్కి వచ్చేదాన్ని. ఒక సాయంత్రం మరదలు సునంద తమ్ముడి బట్టలు సర్దుతూ, బీరువా అడుగు అరలోంచి పాత తువ్వాలలో చుట్టిన వస్తువొకటి తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"గిది సూడు వదినా. ఇన్నేండ్ల సంసారంల నన్ను ఒక్కపారి గూడ ముట్టనియ్యలే. ఏందయ్యా అంటె, ఉండనీ తియ్ అనేటోడు. నీకన్న ఎరికేనా?"

విప్పి చూశాను. ధోటా. మర మగ్గాన్ని మావాళ్లు సాంచా అంటారు. సాంచాలో పేక నూలు కండెను కడుపులో పెట్టుకుని పడుగు పోగుల మధ్య అటూ ఇటూ పరిగెత్తే కర్ర నాడెకు సోలాపూర్‌లో ధోటా అని పేరు. రెండు కొనలకూ ఇనుప ములుకులుంటాయి. ఈ ధోటాకు ఒక ములుకు కొద్దిగా వంకర పోయింది. అది చూడగానే గుర్తుపట్టాను. దీన్ని ఎప్పుడో పారేసి ఉంటారనే ఇన్నేళ్లూ అనుకున్నాను. "చాయ్ పెట్టు సునందా, చెప్త" అన్నాను. ఆమె వంటగదిలోకి వెళ్లింది. గిన్నెలో నీళ్లు పోసిన చప్పుడు వింటూ, ఏం చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో తేల్చుకోలేక అలాగే కూర్చున్నాను.

మేం పుట్టి పెరిగింది పాత పేటలో, సాంచాల కార్ఖానా వెనక గోడకు ఆనించి కట్టిన గదుల్లో. గోడకు అవతల సాంచాలు ఆడుతుంటే ఇవతల మా గూట్లో గ్లాసులు సన్నగా వణికేవి. పుట్టినప్పటి నుంచి ఆ మోతలోనే ఉన్నాం కాబట్టి అది మాకు మోతగా తెలిసేది కాదు. కరెంటు పోయి సాంచాలు ఆగితేనే పసిపిల్లలు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాళ్లు. గోడ అవతలి నుంచి గంజి పట్టిన నూలు వాసన వచ్చేది. ఇవతల అమ్మ చాటలో తునికాకు, పొగాకు వాసన. అమ్మా నేనూ గడపలో కూర్చుని బీడీలు చుట్టేవాళ్లం. ఆకును తడిగుడ్డలో పెట్టి మెత్తబరచడం, కత్తెరతో కోయడం, పొగాకు నింపి చుట్టి దారం వేయడం, ఇదంతా చేతులు వాటంతట అవే చేసుకుపోయేవి కాబట్టి మా నోళ్లు ఎప్పుడూ ఖాళీగా ఉండేవి కావు. పేటలో ఎవరింట్లో ఏం కూరో, ఎవరి కోడలు ఎవరిని ఏమందో అన్నీ ఆ గడప దాటే లోపలికి వచ్చేవి. మధ్యాహ్నానికి జొన్నరొట్టె, పల్లీల కారం, పచ్చి ఉల్లిగడ్డ. నాయన వచ్చే వేళకు రొట్టె వేడిగా లేకపోతే గిన్నె వెళ్లి గోడకు తగిలేది.

కోపం ముక్కు మీద ఉందంటారు. మా నాయనకు అది చేతిలో ఉండేది. మంచివాడు కాడని కాదు. పండుగకు తన బట్టలు మానుకుని మాకు కుట్టించేవాడు, పక్క గది ముసలమ్మకు నీళ్లు మోసేవాడు. కానీ కార్ఖానాలో సేట్ ఒక మాట అంటే అది ఇంటి దాకా వచ్చి గిన్నె మీదో, మా వీపుల మీదో పడేది. నా చిన్నప్పుడు అమ్మ కాన్పులో చావు దాకా పోయి వచ్చింది. ఆ రోజుల్లో దవాఖానాకు వచ్చి ప్రార్థన చేసిన ఒక పాస్టరయ్య మాటలు నాయన మనసుకు పట్టాయి. పేటలో అందరూ గుడికి పోయేవాళ్లే. మాతో కలిపి ఏవో కొన్ని కుటుంబాలు మాత్రం ఆదివారం ఒక పాత సాంచాల షెడ్డులో కూడుకునేవి. సాంచాలు తీసేశారు గానీ వాటిని బిగించిన బోల్టుల గుంటలు నేలలో అలాగే ఉండేవి. చిన్నపిల్లలం ప్రార్థన సాగుతున్నంతసేపూ ఆ గుంటల్లో వేళ్లు పెట్టి ఆడుకునేవాళ్లం.

నాయన తన కోపం సంగతి ఆ పాస్టరయ్యకే చెప్పుకున్నాడు. ఆయన రైల్వే లైన్ల పేట నుంచి సైకిల్ మీద వచ్చే పెద్దమనిషి, గొంతు ఎత్తి మాట్లాడగా నేను చూడలేదు. "కోపం వస్తది మల్లన్నా, మనిషివి. గని పొద్దు గూకేదాక దాన్ని ఉండనియ్యకు. పగలు వచ్చినదాన్ని రాత్రికి ఇంట్ల పండవెట్టుకోకు" అన్నాడు. వాక్యంలోనే అలా ఉందని చూపించాడు. బాప్తిస్మంలో పేరు మార్చుకున్నా పేటంతా మా నాయనను మల్లన్న అనే పిలిచేది, పాస్టరయ్య కూడా అలాగే పిలిచేవాడు. నేతపని చేసేవాడికి చెప్పింది చెప్పినట్టు చేయడం అలవాటు. నాయన ఆ మాటను కూడా అలాగే పట్టుకున్నాడు. ఆ రోజు నుంచి సాయంత్రం పని దిగి రాగానే కాళ్లు కడుక్కుని గడప ముందు నిలబడి, పడమటి దిక్కు ఒకసారి చూసి, మమ్మల్ని ఒక్కొక్కరినీ అడిగేవాడు. "పొద్దు గూకుతున్నది బిడ్డా. నీ మనసుల నా మీద ఏమన్న ఉన్నదా?" లేదనాలి. అన్నాకే అన్నం. అమ్మ మాత్రం బీడీకి దారం వేస్తూ దెప్పేది. "మస్తు దొరికింది నీకు ఉపాయం. దినమంత మురికి చేసుడు, పొద్దుగూకంగ కడుక్కునుడు." నాయన నవ్వేవాడు. అప్పుడు మేం కూడా నవ్వాం.

తమ్ముడు పొడుగు వస్తూనే నాయనతో కార్ఖానాలో చేరాడు. వాడికి మంచి గొంతు. ఆదివారం ఆ షెడ్డులో పాట ఎత్తేది వాడే. దారిన పోయేవాళ్లు సైకిళ్లు ఆపి వినేవాళ్లు. సాంచా దగ్గర కూడా దాని ఆటకు తాళం కుదుర్చుకుని పాడుకునేవాడు. ఆ మోతలో ఎవరికీ వినపడదు, పెదాలు కదలడం మాత్రం కనిపిస్తుంది. అక్కడ పనిచేసేవాళ్లంతా పెదాలు చూసే మాట తెలుసుకుంటారు. నాయనకైతే అప్పటికే సాంచాల చెవుడు వచ్చేసింది. ఇంట్లో కూడా మా ముఖాలు చూస్తేనే మాట అందేది.

ఆ రోజు తమ్ముడు పాటలో పడి పడుగు పోగులు తెగడం చూసుకోలేదు. నేస్తున్నది నెమలి బొమ్మ చద్దర్ దుప్పటి. తెగిన పోగులు పక్క పోగులకు చిక్కుకుని నెమలి మెడ నుంచి తోక దాకా వల కన్నాల్లా జాలి పడిపోయింది. సేట్ వచ్చి చూసి, పిల్లవాణ్ని వదిలేసి, అందరి ముందూ నాయనను అన్నాడు. ఏమన్నాడో నాయన ఎప్పుడూ చెప్పలేదు. సేట్ వెనక్కి తిరగగానే నాయన సాంచా ఆపి, అందులోంచి ధోటా తీసి విసిరాడు. నాయన తిండికి ఇంటికి రాలేదని నేను రొట్టె తీసుకుని అప్పుడే తలుపు దగ్గరికి వచ్చాను. తమ్ముడు రెండు చేతులతో నోరు పట్టుకుని కింద కూర్చున్నాడు. వేళ్ల సందుల్లోంచి రక్తం, సగం నేసిన చద్దర్ మీద పై వరస ముందు పండ్లు. గోడకు విసిరానని, వాడు అడ్డం వచ్చాడని నాయన ఆ రోజు గానీ తరువాత గానీ ఎప్పుడూ అనలేదు. ఆ ఒక్కటి ఆయనలో నేను గౌరవిస్తాను.

దవాఖానాలో కట్టు కట్టి మంచం మీద పడుకోబెట్టారు. కిటికీలో ఎండ ఎర్రబడింది. నాయన మంచం పట్టె పట్టుకుని వంగి, రోజూ అడిగే మాట అడిగాడు. "పొద్దు గూకుతున్నది బిడ్డా. మాఫ్ చేస్తవా?" తమ్ముడు నోటి నిండా దూదితో కళ్లు మూసుకుని పడుకున్నాడు. అడిగితే జవాబు రాని మొదటి పొద్దు అది. నాయన అక్కడే నిలబడ్డాడు. చీకటి పడ్డాక నర్సు వచ్చి పక్కకు జరగమంటే జరిగాడు.

తమ్ముడు ఇంటికి వచ్చాక రెండు పనులు చేశాడు. మెడలో తువ్వాల వేసుకుని, దాని కొస నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టాడు. తరువాత రాత్‌పాళీ, అంటే రాత్రి షిఫ్టు, అడిగి తీసుకున్నాడు. అదే కార్ఖానా, నాయన ఆడించే సాంచాలే. పగలు నాయన, రాత్రి వాడు. సాయంత్రం నాయన ఇంటికి రాకముందే వాడు బయలుదేరి పోయేవాడు. ఇక ఇద్దరూ కలిసేది పాళీ మారే ఆ కాస్తసేపు. మా దగ్గర సాంచాను ఆపి చేయి మార్చరు. ఆడుతుండగానే ఒకరు పక్కకు తప్పుకుంటే ఇంకొకరు వచ్చి నిలబడతారు, ఆపితే ఆ మేర గుడ్డ తగ్గుతుంది. అందుకని నాయన ఆ మోతలోనే, రోజూ, వాడి ముఖంలోకి చూస్తూ అడిగేవాడు. వాడికి నాయన పెదాలు కనిపిస్తాయి కాబట్టి మాట అందుతుంది. వాడి నోటి మీద తువ్వాల. వాడు ఏమన్నా అన్నాడో, అనలేదో నాయనకు ఎప్పటికీ తెలియలేదు. పక్క సాంచాల వాళ్లు మొదట్లో చూసేవాళ్లు, పోను పోను వాళ్లకూ అలవాటైపోయింది.

నాయన మళ్లీ చెయ్యి ఎత్తలేదు. కోపం వస్తే రెండు చేతులూ చంకల్లో ఇరికించుకుని వీధి నల్లా దాకా నడిచి, కాసేపు నిలబడి తిరిగి వచ్చేవాడు. గిన్నెలు గోడకు తగలడం ఆగిపోయింది. సాయంత్రం తమ్ముడికి సాంచా అప్పగించే ముందు తెగిన పోగులన్నీ ముడేసి, కండెలు నింపి పెట్టి, నూలు దుమ్ము తుడిచి మరీ తప్పుకునేవాడు. ఆ పేటలో ఎవరూ ఎవరికీ అట్లా అప్పగించరు. అన్నిటికంటే మమ్మల్ని బాధపెట్టింది ఆదివారాలు. నెలకోసారి ప్రభువు బల్ల, అంటే రొట్టె పంచుకునే ఆరాధన, ఉండేది. బేకరీ పావు రొట్టెను ముక్కలు చేసి పళ్లెంలో పెట్టి అందించేవాళ్లు. తోటి మనిషితో తగువు తీర్చుకుని వచ్చాకే బల్ల దగ్గర చేరాలని నాయన విన్నాడు. పళ్లెం తన దాకా రాగానే ముట్టకుండా రెండు చేతులతో పక్కవాడికి అందించేవాడు. తమ్ముడు రాత్రి పని చేసిన ఎర్రకళ్లతో వాకిలి దగ్గర, నోటికి తువ్వాలతో కూర్చునేవాడు. పాట ఇంకెవరో ఎత్తేవాళ్లు, శ్రుతి కుదిరేది కాదు. పాస్టరయ్య ఒకసారి మా ఇంటికొచ్చి నచ్చజెప్పాడు.

"నువ్వు అడిగినవ్ మల్లన్నా. దినాం అడుగుతున్నవ్. నీ వంతు అయిపోయింది. దేవుడు మాఫ్ చేసిండు, రొట్టె తీసుకో."

"దేవుడు చేసిండు అయ్యగారూ, నాకు ఎరికే. గని పోరని నోట్ల పండ్లు లేకుంట చేసిన. ఆడు వాకిట్ల కూసోని సూస్తుంటె నేను రొట్టె ఎట్ల నములుత?" అన్నాడు నాయన. మళ్లీ తనే, "మీరు పొద్దు గూకేలోపల కోపం ఇడువుమన్నరు. పొద్దు గూకుడు ఏడనో ఉన్నది. చెయ్యి లేసే ముందే ఆగాలె. నాకు సమఝ్ అయ్యేవరకు గింత జరిగిపోయింది" అన్నాడు. పాస్టరయ్య అమ్మ ఇచ్చిన చాయ్ చల్లారేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

నాకు పెళ్లయి వరంగల్ వచ్చేశాను. నాయన ఊపిరితిత్తులు నూలు దుమ్ముతో పాడైపోయాయని, మంచం పట్టాడని కబురొస్తే వెళ్లాను. మనిషి సగమయ్యాడు. పగటి పాళీలో ఆయన చోట వేరే ఎవరో నిలబడుతున్నారు. తమ్ముడు సాయంత్రం కాగానే తువ్వాల వేసుకుని పనికి వెళ్లిపోతూనే ఉన్నాడు. నాయన గడప వైపు తిరిగి, వెళ్తున్న వాడి వీపును చూస్తూ అడుగుతూనే ఉన్నాడు. ఒక రోజు మాత్రం వాడు పనికి పోలేదు. ఎవరూ ఏమీ అనకుండానే వచ్చి మంచం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. అమ్మ చాట పక్కన పెట్టేసింది. నాయన వాడి వైపు తల తిప్పి అదే మాట అడిగాడు, ఇప్పుడు గాలి తప్ప గొంతు లేదు. తమ్ముడు తువ్వాల కొస నోటికి ఆనించుకుని వంగి ఏదో అన్నాడు. నాయన కళ్లు వాడి ముఖమంతా వెతికాయి. "తువ్వాల తియ్ బిడ్డా, ఆయనకు ఇనపడది. మూతి సూస్తెనే తెలుస్తది" అంది అమ్మ. వాడు తీయలేదు. ఒక చేత్తో దాన్ని ఇంకా గట్టిగా అదుముకున్నాడు. అట్లాగే ఇంకో చేత్తో నాయన పాదాలు ఒత్తుతూ చీకటి పడేదాకా కూర్చున్నాడు. తెల్లవారి నాయన పోయాడు.

"ఏమన్నవ్‌రా?" అని తరువాత అడిగాను. "అనేదేదో అన్న తియ్ అక్కా" అన్నాడు, అంతే. అమ్మ బతికినన్నాళ్లూ "ఆయన ఇనకుంట పోయిండు" అనే మాట బీడీలు చుడుతూ చుడుతూ హఠాత్తుగా అనేది. ఎదురుగా ఎవరూ లేకపోయినా అనేది. నాకు తమ్ముడి మీద కోపం ఉండిపోయింది, అది నిజం. ఆ గుడ్డముక్క ఒక్కసారి కిందికి దించితే వాడి సొమ్మేం పోయేది? ఫోన్‌లో మాట్లాడుకున్నాం, పండుగలకు వెళ్లి వచ్చాను, వాడి పెళ్లికి చీర పెట్టాను. అయినా ఆ సాయంత్రం గుర్తొస్తే నా మాట పొడిగా మారిపోయేది. వాడికి అది తెలిసే ఉంటుంది. ఈ కాలం పిల్లలు కోపం వస్తే ఫోన్‌లో నంబర్ బ్లాక్ చేసుకుంటారు, మా మనవరాళ్లు పూటకొకరిని బ్లాక్ చేసి పూటకొకరిని విడిపిస్తుంటారు. చూస్తే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా. మా ఇంట్లో అడగడం ఒకటే తెలుసు, ఆ అడిగినదానికి జవాబు ఎట్లా చెప్పాలో మాకు ఎవరూ నేర్పలేదు.

సునంద చాయ్ తెచ్చింది. ధోటా నా ఒళ్లోనే ఉంది. నేను చేతిలో కప్పు పట్టుకుని, "సామేలు పండ్ల సంగతి నీకు చెప్పిండా ఎప్పుడన్న?" అని మెల్లగా అడిగాను. చెప్పి ఉంటే ధోటా సంగతి నేను చెప్పేదేమీ లేదు. చెప్పకపోయి ఉంటే ఏం చేయాలో అప్పటికీ నాకు తెలియలేదు.

"అయ్యో, చెప్పకేం? పెండ్లి సూపులకు వచ్చినప్పుడే చెప్పిండు కద, తువ్వాల తీసి సూపించిండు గూడ. కార్ఖానాల మెట్టు మీద కాలు జారి పడ్డడట గద వదినా. మామయ్య గంత పెద్ద పోరన్ని చేతులల్ల ఎత్తుకోని దవాఖాన దాక ఉరికిండట, కాళ్లకు చెప్పులు గూడ లేకుంట. ఎండకు రోడ్డు కాలుతుంటె ఒక్కకాడ ఆగలేదట. ఎన్నిసార్లు చెప్పిండో నాకు, పోరగాండ్లకు. మా నాయిన అసొంటోడు అనేటోడు. మామయ్యను నేను సూడనన్న సూడలె, గని ఆ చెప్పులు లేకుంట ఉరుకుడు నా కండ్ల ముంగట్నే అయినట్టుంటది."

నేను కప్పు కింద పెట్టేశాను. మెట్టు మీద జారిపడటం అబద్ధం. ఆ మెట్టే లేదు, ఆ కార్ఖానాకు నేల, వాకిలి ఒక్క సమానంగా ఉండేవి. మిగిలింది మాత్రం నిజం. ధోటా విసిరిన మరుక్షణం నాయన వాణ్ని రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. వాడి రక్తం ఆయన బనియన్ నిండా, ఆయన అరుపు వీధంతా. కాళ్లకు చెప్పుల్లేవు. నా చేతిలోని రొట్టె మూట అక్కడే పడేసి నేను వెనక పరిగెత్తాను. ఇన్నేళ్లుగా నాకు ధోటా ఒక్కటే గుర్తుంది. ఆ పరుగు నేను మరిచిపోయాను. దెబ్బ తిన్నవాడు మరిచిపోలేదు. దెబ్బను తీసేసి, పరుగును ఉంచుకుని, దాన్నే పెళ్లాం పిల్లలకు ఇచ్చిపోయాడు. ఈ మాట నాయనకు చెప్పడానికి నాయన లేడు. అమ్మ లేదు. నువ్వు మాఫ్ చేశావా అని అడిగి, ఇంతకాలం ముఖం మాడ్చుకున్నందుకు నన్ను కూడా మాఫ్ చెయ్యమని అడగడానికి వాడూ లేడు. ఏడుపు ఆగలేదు నాకు. తమ్ముడు గుర్తొచ్చి ఏడుస్తున్నాననుకుని సునంద పక్కన కూర్చుని నా వీపు నిమిరింది.

"గిదేందో చెప్పనే లేదు వదినా?" అంది కాసేపటికి, ధోటాను చేతిలోకి తీసుకుంటూ.

"మీ మామయ్యది. ఆయన ఆడించిన సాంచాది" అన్నాను. ఆమె దాన్ని చీర కొంగుతో తుడిచి, వంకర ములుకును వేలితో ఒకసారి తడిమి, గూట్లో తమ్ముడి బైబిలు పక్కన పెట్టింది. పడమటి కిటికీలోంచి వచ్చే ఎండ ఎదురు గోడ మీద సన్నగా మిగిలింది. పొద్దు ఇంకా గూకలేదు.

"ఆయన గట్లనే ఉరికిండు సునందా" అన్నాను. "చెప్పులు లేకుంటనే. నేను ఎనకనే ఉన్న."